ట్యాంకులోకి దిగేముందు పలికించిన కీడు

కరోనా తగ్గి మిల్లులు మళ్లీ పూర్తిగా నడుస్తున్న ఏడాది అది. మలేషియాలో తెలుక్ ఇంటాన్ ఊరి దగ్గర ఒక పామాయిల్ మిల్లులో నేను సేఫ్టీ ఆఫీసర్ని. ఆ రోజు మడ్డి పేరుకున్న ట్యాంకును కడగాలి. అలాంటి మూసుకున్న ఇరుకు చోటును మేం కన్‌ఫైన్డ్ స్పేస్ అంటాం. మడ్డిని కదిపితే విషవాయువు లేస్తుంది. పడిపోయినవాణ్ణి కాపాడాలని దూకి, వాడితోపాటే పోయినవాళ్లు ఎందరో.

అందుకే టూల్‌బాక్స్ టాక్‌లో, అంటే పనికి ముందు నిలబడి జాగ్రత్తలు చెప్పుకునేటప్పుడు, జరగకూడనిదాన్ని, అది జరిగితే చేయాల్సినదాన్ని ఒక్కొక్కరి చేత పైకి అనిపిస్తాను. ఇది నా సొంత తెలివేమీ కాదు. రెండువేల ఏళ్ల కిందట రోమ్‌లో చక్రవర్తికి సలహాదారుగా ఉన్న సెనెకా అనే తత్త్వవేత్త, రాబోయే కష్టాన్ని ముందే మనసులో చూసుకున్నవాడు అది వచ్చినప్పుడు కుప్పకూలడని చెప్పాడట. శిక్షణలో విన్నాను, గట్టిగా పట్టుకున్నాను.

లోపలికి దిగేది అప్పలసామి. వాడి ఒంటికి కట్టిన తాడును చుట్టే వించ్ దగ్గర నిలబడేది వాడి అన్న సిమాద్రి.

"తమ్ముడు లోపల పడిపోతే ఏటి సేస్తావు?" అని సిమాద్రిని అడిగాను.

"పనికి దిగే ఏళ అసుభం పలకమంటావేటక్కా? మా అమ్మ ఇంటే సంపేస్తది లా!"

మాట చివర మలయ్‌వాళ్ల 'లా' తగిలించినా మా తెలుగిళ్లలో అంతే, మంచి పనికి బయల్దేరుతుంటే కీడు నోట రాకూడదు. నాకు ఒళ్లు మండింది. "నువ్వంటేనే ఆడు దిగుతాడు. లేకపోతే పని ఆపేస్తాను."

మొహం గంటు పెట్టుకుని అన్నాడు. "ఆడు పడిపోతే నాను దిగను. వించ్ తిప్పుతాను."

గాలి పరీక్ష బాగానే వచ్చింది. అప్పలసామి దిగి మడ్డి కదిపిన కాసేపటికే వాడి ఛాతీమీది గ్యాస్ మీటర్ కీచుమంది. "పైకి రా!" అని నేను అరిచేలోగా మోకాళ్లమీద కూలిపోయాడు.

"తమ్ముడూ!" అంటూ సిమాద్రి ఒక కాలు మ్యాన్‌హోల్‌లో పెట్టేశాడు. కాలరు పట్టుకుని వెనక్కి లాగాను. "ఇందాక ఏటన్నావురా? ఏటన్నావు?"

నావైపు పిచ్చివాడిలా చూశాడు. "దిగను... తిప్పుతాను" అని గొణిగి హ్యాండిల్ అందుకున్నాడు. ఏడుస్తూనే తిప్పాడు. తాడు బిగిసింది. ముందు హెల్మెట్ కనిపించింది, తర్వాత తమ్ముడి భుజాలు.

ఆస్పత్రిలో అప్పలసామి కళ్లు తెరిచాక వాళ్లమ్మ నామీద విరుచుకుపడింది. "నువ్వు నోట అనిపించినావు, అందుకే ఇలగయినాది!"

సిమాద్రే అన్నాడు. "అనిపించకపోతే నానూ దూకేద్దునమ్మా. ఇద్దరం పోదుము."

ప్రాణం మీదికి వచ్చినప్పుడు కొత్తగా ఆలోచించే తీరిక ఎవరికీ ఉండదు, ముందే అనుకున్నదే చేతికొస్తుంది. సెనెకా మాట నాకు నిజంగా అర్థమైంది ఆ రోజే. ఆవిడ ఇప్పటికీ నాతో మాట్లాడదు. మాట్లాడకపోతే మానె. ఇద్దరు కొడుకులనూ కూర్చోబెట్టి అన్నం వడ్డిస్తోంది, నాకది చాలు.