టైలరమ్మ కొలిచిన ఇనుప పెట్టె

చివరింటి ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు, వెనక రేకుల షెడ్డులో మోటారు చప్పుడు. ఈ రెండూ వినపడుతుంటే ఆ ఇంట్లో అంతా సవ్యంగా ఉన్నట్టేనని వీధివాళ్ల లెక్క. ముందు గది టైలరమ్మది. వెనక షెడ్డు ఆవిడ భర్తది. ఆయన్ని అందరూ ఫ్యాన్ల పెద్దాయన అంటారు. వయసులో ఉన్నన్నాళ్లూ మోటార్లకి రాగితీగ చుట్టి బతికిన మనిషి. కొట్టు మూసేశాక ఓ మూల కూర్చోమంటే కూర్చునే రకం కాదు. పాత సామాన్ల గుట్టలో తుప్పు పట్టిన టేబుల్ ఫ్యాన్ కనపడితే చాలు, తప్పిపోయిన బిడ్డ దొరికినట్టు ఎత్తుకొచ్చేస్తాడు. విప్పుతాడు, తుప్పు గీకుతాడు, తీగ కొత్తగా చుడతాడు, రంగేస్తాడు, స్విచ్చి నొక్కుతాడు. రెక్కలు తిరగ్గానే దానికి ఎదురుగా కళ్లు మూసుకుని నిలబడిపోతాడు. ఆ కాసేపూ ఇల్లెగిరిపోయినా ఆయనకి పట్టదు.

వచ్చిన చిక్కంతా తుప్పుతోనే. డ్రిల్లు మిషనుకి తీగబ్రష్షు తగిలించి రుద్దుతుంటే ఎర్రటి దుమ్ము షెడ్డంతా కమ్ముకునేది. భార్యకి అది తగలకూడదని ఎప్పుడూ తలుపు బిగించుకునే చేసేవాడు. దుమ్ము తలుపుల్ని ఖాతరు చేస్తుందా? ఒకరోజు కింద సందులోంచి దూరి వెళ్లి, ముందు గదిలో ఇస్త్రీ చేసి పెట్టిన నర్సుల తెల్లకోట్ల మీద తీరిగ్గా కూర్చుంది. టైలరమ్మ పల్లెత్తు మాట అనలేదు. కోట్లన్నీ మళ్లీ ఉతికింది, ఆరేసింది, ఇస్త్రీ చేసింది. మధ్యమధ్య దగ్గింది. ఆవిడ తిట్టి ఉంటే తనూ నాలుగు మాటలని పెద్దాయన హాయిగా ఉండేవాడు. ఆ దగ్గు మాత్రం ఆయన గుండెల్లో గుచ్చుకుంది. ఆ సాయంత్రమే షెడ్డుకి తాళం వేసేసి, "ఇక పంకాల్లేవు, గింకాల్లేవు" అని ప్రకటించేశాడు.

అన్నమాట మీద నిలబడ్డాడు కూడా. అక్కడే వచ్చింది గోలంతా. పనిలేని పెద్దాయన ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టాడు. ఆవిడ రంగుల ప్రకారం పేర్చుకున్న దారపుండల్ని లావూ సన్నం ప్రకారం మార్చేశాడు. అడక్కుండా కుట్టుమిషనుకి నూనె పోశాడు. అది ఎవరిదో గౌను అంచుకి అంటుకుంది. కొలతలివ్వడానికి వచ్చిన ఆడవాళ్లని కూర్చోబెట్టి, పంకా రెక్కకి ఎంత వంపుంటే ఎంత గాలొస్తుందో ఉపన్యాసమిచ్చాడు. ఇవన్నీ టైలరమ్మ పళ్లబిగువున భరించింది. భరించలేనిది ఒక్కటే. మనిషి నవ్వడం మానేశాడు.

"ఏవండీ, దుమ్ము బయటికి రాకుండా తుప్పు తీసే పెట్టె ఏదో ఉంటుందటగా?" అంది ఓ పొద్దున గుండీ కుడుతూ.

"నీకెవరు చెప్పారు?"

"మీ ఫోను. ఎప్పుడు చూసినా దాని బొమ్మలే. పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కళ్లప్పగించి చూస్తున్నారు."

దొంగ దొరికిపోయాడు. సిగ్గుపడుతూనే, చెప్పడం మొదలెట్టాక మాత్రం ఊపిరాడనివ్వలేదు. దాన్ని బ్లాస్టింగ్ క్యాబినెట్ అంటారట. మూత ఉన్న ఇనుప పెట్టె. ముందువైపు రెండు గుండ్రటి కంతలు, వాటికి లోపలివైపు పొడుగు రబ్బరు గ్లౌజులు. చేతులు అందులో దూర్చి, పైనున్న అద్దంలోంచి చూస్తూ పనిచెయ్యాలి. కాలితో పెడల్ తొక్కితే, తుపాకీ లాంటి గొట్టంలోంచి గాలితో పాటు సన్నటి ఉప్పులాంటి గాజుపూసలు దూసుకొచ్చి తుప్పుని రాలగొట్టేస్తాయి. లేచిన దుమ్ముని పక్కనున్న మిషను పీల్చేసుకుంటుంది. పేరుకి శాండ్ బ్లాస్టింగ్ అంటారు గానీ ఇసుక జోలికి పోకూడదు, ఊపిరితిత్తులు పాడైపోతాయి.

"అయితే పదండి కొందాం. నేనూ వస్తాను."

"ఇనుప సామాన్ల దగ్గర నీకేం పని?"

"కోట్లు ఉతికింది నేను. పెట్టె నేను చూడక్కర్లేదా?"

ఆయన చెప్పులు తొడుక్కున్నాడు.

మిషన్ల షాపు పొడుగ్గా, గ్రీజు వాసనతో ఉంది. అడుగుపెట్టిన మరుక్షణం పెద్దాయన మొదటి పెట్టెని చూసి మనసు పారేసుకున్నాడు. బీరువా అంత ఎత్తు, రెండు తలుపులు, లోపల తెల్లటి లైటు. "ఇందులో ఫ్యానేంటి, నేనే పడతాను!" అన్నాడు పొంగిపోతూ. షాపాయన నిజాయితీపరుడు. రంగు కొట్టడానికి ఇంట్లో ఉన్న గాలి కంప్రెసర్ ఏపాటిదో అడిగి, తల అడ్డంగా ఊపాడు.

"వద్దు బాబాయ్ గారూ. దీనికి గాలి అందించలేక మీ కంప్రెసర్ ఆయాసపడి చస్తుంది. కాస్త కొట్టడం, మళ్లీ గాలి నిండేదాకా గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవడం. అదీ వరస."

పెద్దాయన నిట్టూర్చి రెండోదాని దగ్గరికి నడిచాడు. మధ్యరకం. దాని ముందు నిలబడి చేతులు దూర్చాడు. భుజాలు, మోచేతులు, అద్దం, అన్నీ అతికినట్టు సరిపోయాయి. "ఇదే!" అన్నాడు.

టైలరమ్మ సంచిలోంచి కొలతల టేపు తీసింది. నేల నుంచి కంతల దాకా కొలిచింది. కంతకీ కంతకీ మధ్య కొలిచింది. పెదవి విరిచింది.

"ఈ చొక్కా ఎవరి భుజాలకి కుట్టారు బాబూ? చేతులు మరీ ఎడంగా అతికించారు."

షాపాయన పగలబడి నవ్వాడు. "పిన్నిగారూ, అది చొక్కా కాదు."

"చేతులు దూర్చేదేదైనా నాకు చొక్కానే," అంటూ ఆవిడ మూడోదాని దగ్గర ఆగింది. అది పొట్టిది. కంతలు దగ్గరదగ్గరగా, కిందికి ఉన్నాయి. పంకా అడుగుదిమ్మ, రెక్కలు పట్టేంత చోటు మాత్రం ఉంది. మళ్లీ టేపు పెట్టింది. మొహం విప్పారింది. "ఇది తీసుకుందాం."

పెద్దాయన దాని ముందు నిలబడితే నడుం సగానికి వంచాల్సొచ్చింది. "నాకు నడుం పట్టేస్తుంది. రెండోదే నయం."

"కాదు, ఇదే."

"వాడేది నేనా, నువ్వా?"

ఆవిడ టేపు చుట్టుకుంటూ నిలబడింది. పెద్దాయనకి మనసు చివుక్కుమంది. తెల్లకోట్ల సంగతి ఆవిడ ఇంకా మర్చిపోలేదన్నమాట. పెట్టె పొట్టిదైతే నిలబడలేడు, నిలబడలేకపోతే పని తగ్గిస్తాడు, క్రమంగా మానేస్తాడు. అదీ ఆవిడ ఎత్తు అనుకున్నాడు. బయటికొచ్చి షాపు మెట్ల మీద చతికిలబడ్డాడు. వెనకే ఆవిడా వచ్చింది.

"ఏ పెట్టే వద్దులే, పద పోదాం," అన్నాడు నేలచూపులు చూస్తూ. "నా పని నీకు గిట్టదని అర్థమైంది. మానేశానుగా, ఇంకేం కావాలి?"

టైలరమ్మ పక్కన కూర్చుంది. టేపు సంచిలో పెట్టేసింది.

"మీ షెడ్డులోకి నన్నెప్పుడైనా రానిచ్చారా?" అంది.

"దుమ్ము కదే! నీకు దగ్గొస్తుందని..."

"తెలుసు. నా మంచికే తలుపేసుకున్నారు. కాని ఇన్నేళ్లూ మీ బట్టల తుప్పు ఉతికాను గానీ, ఇనుము మీంచి తుప్పు పోవడం ఒక్కసారీ చూళ్లేదు. లోపల్నించి మీ ఈలపాట వినపడేది. అంత సంతోషం ఏముందబ్బా అందులో అనుకునేదాన్ని. ఇప్పుడు దుమ్ము రాని పెట్టె ఉందంటున్నారు. నేనూ చేతులు పెడదామనుకున్నాను. రెండోదాని కంతలు నాకు అందవు. మూడోది నా కొలతే."

పెద్దాయన నోరెళ్లబెట్టాడు. తర్వాత నవ్వాడు. అన్నాళ్లుగా దాచిపెట్టినదంతా ఒక్కసారే బయటికి తన్నుకొచ్చినట్టు, మెట్ల మీద కూర్చుని కళ్లవెంట నీళ్లొచ్చేదాకా నవ్వాడు. "ఓసి పిచ్చిదానా, ఆ ముక్క లోపలే చెప్పొచ్చుగా!"

"ఆ షాపాయన ముందా? సిగ్గేసింది."

"సరే, నీ కొలతదే తీసుకుందాం. నా నడుం సంగతి మళ్లీ చూసుకుందాం."

లోపలికెళ్లి అదే మాట చెబితే, షాపాయన తన గల్లాపెట్టె వెనక ఉన్న ఎత్తు స్టూలు తెచ్చి ఆ పెట్టె ముందు వేశాడు. పెద్దాయన దానిమీద కూర్చుని చేతులు దూర్చాడు. భుజాలు సరిగ్గా కుదిరాయి. మోచేతులు ఒంటికి దగ్గరగా, ఒళ్లో మోటారు పెట్టుకుని తీగ చుడుతున్నట్టే ఉంది. జీవితమంతా కూర్చుని పనిచేసినవాడు, ఇప్పుడు నిలబడి చెయ్యాలని ఎందుకు మంకుపట్టు పట్టాడో ఆయనకే తెలీలేదు. ఆవిడ నిలబడితే ఒక కొలత, ఈయన కూర్చుంటే అదే కొలత. టైలరమ్మ మొహంలో గర్వం చూసి షాపాయన స్టూలు ఊరికే ఇచ్చేశాడు.

పెట్టె షెడ్డులో కుదురుకున్న రోజు, మొదటి వంతు ఎవరిదన్న మాటే రాలేదు. పెద్దాయన ఒక పాత పంకా అడుగుదిమ్మని లోపలపెట్టి, మూత బిగించి, పక్కకి జరిగాడు. టైలరమ్మ చీర కొంగు బిగించి, గ్లౌజుల్లోకి చేతులు పోనిచ్చి, పెడల్ తొక్కింది. గాలి బుస్సుమంది. ఆవిడ కెవ్వుమని, మళ్లీ తొక్కింది. ఎర్రటి పొర కింద మొదట ఒక తెల్లటి చుక్క, తర్వాత నాణెమంత, తర్వాత అరచేయంత, మెత్తగా మెరిసే ఇనుము బయటపడింది.

"అమ్మో! అమ్మో, ఇటు చూడండి!"

అద్దంలోంచి చూడ్డానికి ఒకరికే చోటుంది. పెద్దాయన అద్దంలోకి చూడలేదు. పెట్టెలోని వెలుగు పడుతున్న ఆవిడ మొహం చూశాడు. పంకా తిరిగినప్పుడు తన మొహం ఎలా ఉంటుందో ఆయనెప్పుడూ చూసుకోలేదు. బహుశా ఇలాగే ఉంటుంది. ఆ సంతోషాన్ని ఇన్నేళ్లూ తనొక్కడే ఆ గదిలో పెట్టుకుని గడియ వేసుకున్నందుకు ఆయనకి మొదటిసారి బాధేసింది. ఆ బాధ ఎంతోసేపు నిలవలేదు, ఆవిడ నిలవనివ్వలేదు.

"ఏవండీ! ముక్కు!"

"ఏమైంది?"

"దురద! చేతులు లోపలున్నాయి కదా, గోకండి!"

"తీసి గోక్కోవచ్చుగా?"

"ఇప్పుడెలా తీస్తాను, ఇంకా ఇటువైపు అంతా ఉంటే! గోకండి, తొందరగా!"

పెద్దాయన వంగి గోకాడు. ఇంకాస్త పైకి అంది, మళ్లీ గోకాడు. ఆవిడ కళ్లు అద్దం మీంచి తియ్యకుండానే, చాలు జరగండి అంది.

"మరి నా వంతు?"

"రెక్కలున్నాయిగా, అవయ్యాక చూద్దాం."

ఆయన స్టూలు లాక్కుని ఆవిడ పక్కనే కూర్చుని, ఈల వేస్తూ తన వంతు కోసం ఎదురుచూశాడు.