పక్క కొమ్మ నిలబడదు

చిన్నాయన పోయిన పొద్దు కూడా రోజూలాగే మొదలైంది. నేను దీపం పెట్టి, తులసాకుల కోసం మిద్దె ఎక్కాను. పాల కేన్లు కడిగిన నీళ్ళ బకెట్‌తో ఆయన వెనకే వచ్చాడు. డ్రమ్ములోని చెట్టుకు కొంచెం కొంచెంగా పోశాడు. అడుగు కొమ్మ మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాడు. జర ఆయాసంగా ఉందని పిట్టగోడకు ఆనుకుని కూర్చున్నాడు. నేను మంచినీళ్ళు తెచ్చేసరికి ప్రాణం లేదు.

నాన్న పోయాక మమ్మల్ని పెంచింది ఆ పాల కేన్లే. చిన్నాయన పెళ్ళి చేసుకోలేదు, మా మీద గొంతెత్తలేదు. ఆయన ఆశ పెట్టుకున్నది ఆ చెట్టు ఒక్కదాని మీదే.

మీరు దాన్ని క్రిస్మస్ చెట్టు అంటారు. మేమూ అలాగే అన్నాం. ఎక్కడో వేడి సముద్రంలోని ఒక దీవిలో తప్ప అది అడవిలో పెరగదని, అక్కడా అరుదేనని నర్సరీ మనిషి చెప్పాడట. అది విన్నాక ఇంటికొకటి పెంచాలని చిన్నాయన పట్టుదల. మందారం నాటినట్టు పక్క కొమ్మలు కుండీల్లో గుచ్చాడు. వేరు పట్టాయి గానీ అన్నీ పాకినట్టు అడ్డంగానే పెరిగాయి. కర్ర కట్టినా అంతే. ఒక కుండీ తీసుకుపోయిన గాజుల దుకాణం భాయ్, "చిన్నాయనా, నీ చెట్టు నిద్ర లేస్తలేదు. చాయ్ పోయాల్నా?" అని ఆటపట్టించేవాడు.

చివరికి విసిగిపోయి చిన్నాయన నాతో అన్నాడు: "పక్క కొమ్మ ఎన్నేండ్లైనా పక్కకే పోతది బిడ్డా. నిలబడాల్నంటే నెత్తిమీది కొన నాటాలె. తల్లి చెట్టు కొన నేనైతే కొయ్యను."

దినాలైన సాయంత్రం అందరం మిద్దె మీద కూర్చున్నాం. అక్కడ గది వేయాలని తమ్ముళ్ళ ఆలోచన. డ్రమ్ము దించుదామంటే అడుగు తుప్పుపట్టి ఉంది, మెట్లు ఇరుకు. ఎలాగూ కొట్టేస్తే కొన నాటుదామన్నాను. చిన్నాయన చెప్పింది మళ్ళీ చెప్పాను.

"కొన ఆయన ఫొటోకు పెడదామక్కా," అన్నాడు పెద్ద తమ్ముడు, కళ్ళు తుడుచుకుంటూ. "గుడి శిఖరం అసొంటిది. మనమెట్ల తీస్కుంటం?"

చెల్లెలు వెక్కుతూ తలూపింది. ప్రేమ లేనివాళ్ళయితే గట్టిగా అనేదాన్ని. పొద్దున జపానికి కూర్చుంటే లెక్క తప్పిపోతోంది, కోపం పోవడం లేదు.

తేల్చింది ఇదీ. ఆదివారం చెట్టు కొట్టించాలి. కొన చిన్నాయన ఫొటో ముందు, ఎండిపోయేదాకా. గుర్తుగా ఇంటికో పక్క కొమ్మ, కొత్త కుండీలో. అన్నిటికంటే గుబురైనది, పెద్దదాన్నని, నాకు.