బొద్దింక నెత్తురులో చక్కెర

ఎనభైల మొదట్లో జనగామ కళాశాలలో జంతుశాస్త్రం బోధిస్తూ బొద్దింకల మీద పరిశోధన చేసేవాడిని. బొద్దింక మెదడు వెనుక ఆవగింజకన్నా చిన్న గ్రంథి ఒకటి ఉంటుంది. ఒంటికి అదనపు శక్తి అవసరమైనప్పుడు అది హార్మోను విడుస్తుంది. కొవ్వులో దాచుకున్న నిల్వ చక్కెరగా మారి నెత్తురులోకి దిగుతుంది. గ్రంథి రసం ఎక్కించిన పురుగులో చక్కెర పెరగాలి, ఉప్పునీరు ఎక్కించినదానిలో పెరగకూడదు. నేను నిరూపించవలసింది ఇంతే. సోమవారం వరంగల్ నుంచి మా పర్యవేక్షకులు వస్తున్నారు. ఫలితం చూపలేకపోతే నా పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

శనివారం మధ్యాహ్నం రెండుంబావుకు పన్నెండు గాజు గొట్టాలు వరుసగా నిలబెట్టాను. పురుగు నెత్తురుకు రసాయనం కలిపితే, చక్కెర ఎంత ఎక్కువైతే ఆకుపచ్చరంగు అంత చిక్కబడుతుంది. గ్రంథి రసం ఎక్కించినవి ఆరు, ఉప్పునీటివి ఆరు. పన్నెండూ ఒకే చిక్కదనం. సూది మార్చి, ఉప్పునీరు కొత్తగా కలిపి మళ్లీ చేశాను. నాలుగున్నరకూ అదే రంగు.

పురుగులను గంజ్‌లోని ధాన్యం గోదాము నుంచి మా అటెండరు తెచ్చేవాడు. వయసులో నాకన్నా పెద్ద. మూడో విడత డబ్బా చేతికిస్తూ, ఎప్పటిలాగే మూత మీద నాలుగు దెబ్బలు వేసి గట్టిగా ఊపాడు.

"గట్లెందుకు ఊపుతున్నవే అన్నా?"

"జిందా ఉన్నయని సూపెట్టొద్దా సార్? అంగట్ల కోడి రెక్కలు కొట్టకపోతే ఎవడన్న కొంటడా?"

"రోజు ఊపుతవా?"

"మూడు నెలల సంది. ఒక్కపారన్న చచ్చినయి తెచ్చిన్నా చెప్పుండ్రి!" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. బెదిరిన పురుగు తన నిల్వను ముందే నెత్తురులోకి దించేస్తుంది. ఇక నా సూది పెంచేదేముంది? సాధారణ స్థాయి అనుకుని మూడు నెలలుగా తేదీలు వేసి రాసుకున్న అంకెలన్నీ భయపడ్డ పురుగులవి.

డబ్బాను చీకటి గదిలో పెట్టి తాళం వేశాను. ఆదివారం పదకొండు గంటలకు, చప్పుడు కానీయకుండా ఒక్కొక్కటే తీసి మళ్లీ చేశాను. ఉప్పునీటి గొట్టాలు ఆరూ లేతగా, మిగతా ఆరూ చిక్కగా వచ్చాయి.

నోటుపుస్తకంలో ఆదివారం రాసిన ఆ ఒక్క పుట చూపి ఊరుకోవచ్చు. పాతవాటిని ఎవరూ శంకించరు. సాయంత్రం దాకా కూర్చుని, చివరకు నలభై ఒక్క పుటలనూ ఎర్రసిరాతో కొట్టివేశాను.

"గిదంత నా వల్లనేనా సార్?" అన్నాడు అటెండరు.

"ఎట్ల తెస్తున్నవో అడగని తప్పు నాదన్నా."

సోమవారం పర్యవేక్షకులు ఎర్రగీతల పుటలన్నీ తిప్పారు. "ఇవి ఉంచుకుంటే ఈ ఏడే సిద్ధాంత గ్రంథం ఇచ్చేవాడివి గదా?"

"ఇచ్చేవాణ్ణి సార్."

ఆయన గడువు పొడిగింపు కాగితం మీద సంతకం చేశారు. డిగ్రీ ఇంకో రెండేళ్లు ఆలస్యమైంది.