నల్లకుక్కకు పడని కోడికూర

మా ఊళ్లో రెండు ఫ్యాక్షన్ పార్టీల మధ్య రోజూ ఏదో ఒక గొడవ జరుగుతున్న ఆ కాలంలో, బయటి నుంచి వచ్చిన ఏ తిండినైనా మా ఆయన మొదట మా ఇంటి నల్లకుక్కకు పెట్టందే ముట్టేవాడు కాదు. ప్రొద్దుటూరు కోర్టు వాయిదా రోజుల్లో జమ్మలమడుగు నుంచో వేంపల్లె నుంచో మా పార్టీవాళ్లు క్యారియరులో కోడికూర పంపేవాళ్లు. అందులోంచి ఒక ముద్ద కుక్కకు వేసి, అరగంట గడియారం చూసి, దానికేమీ కాకపోతే అప్పుడు తినేవాడు. విషం భయం. మాలాంటి ఇళ్లలో దీన్ని ఎవరూ వింతగా చూడలేదు.

ఆ కుక్కకు దురద పట్టింది. మొదట చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత కాలివేళ్ల సందులు నాకడం మొదలుపెట్టింది. చివరికి పొట్ట కింద వెంట్రుకలన్నీ రాలిపోయి రసి కారేది. జీతగాడు గజ్జి అనుకుని, కాలిన ఇంజనాయిల్లో గంధకం కలిపి పూశాడు. అది నాకి వాంతి చేసుకుంది. కూరలో ఏదో కలిసిందని మా ఆయన ఆ రోజు వచ్చిన క్యారియరంతా పారబోయించాడు. వేపాకు నీళ్లతో ఆ నూనె కడగడానికి నాకు మూడు రోజులు పట్టింది.

పదకొండు వారాలు చూసి, పులివెందుల పశువుల ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు చర్మం గీకి, మైక్రోస్కోపు కింద చూశాడు.

"పురుగులేం లేవమ్మా. ఏదో తిండి పడక వచ్చింది. ఏం పెడతాండారు దీనికి?"

కుక్కకు ఏ రోజు ఏం పెట్టిందీ, దురద ఎప్పుడు పెరిగిందీ రాసుకున్న నా నోటుపుస్తకం తీశాను. కోడికూర వచ్చిన రోజులు తొమ్మిది. ప్రతిసారీ రెండు రోజుల్లోపే దురద పెరిగింది. తొమ్మిదింటికి తొమ్మిది.

"నువ్వు నాకాడ కాంపౌండరుగా చేరమ్మా," అని నవ్వాడు. వారానికి మాత్రలిచ్చి, ఎనిమిది వారాలు రాగి సంగటి, ఉడకబెట్టిన పెసలు తప్ప ఏదీ పెట్టొద్దన్నాడు. ఒక్క ముద్ద కోడి తిన్నా లెక్క మళ్లీ మొదటికి వస్తుందన్నాడు.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆయన చెప్పు విప్పుతూ ఆగిపోయాడు.

"ఎనిమిది వారాలా? మరి నా కూడు ఎవరు చూస్తారు? జీతగాన్ని దీన్ని ఏటి అవతల వదిలేసి రమ్మను. ఇంకోదాన్ని తెస్తా."

పచ్చి పుండ్లతో ఉన్న కుక్క. అక్కడ వదిలితే రెండు రోజులు కూడా బతకదు.

"వద్దు. నేను చూస్తా," అన్నాను.

"ఏంది చూసేది?"

"ముందు నేను తింటా. అరగంటాగి మీరు తినండి."

కోప్పడతాడనుకున్నాను. రెండో చెప్పు కూడా విప్పి, "సరే. కారం ఎక్కువుంటే అది కూడా చెప్పు," అన్నాడు.

మా అత్త అరుగు మీద నుంచి, "శానా నయమే పిల్లా, నువ్వైతే కడుపునొప్పని నోటితో చెప్తావు," అంది.

ఆ ఎనిమిది వారాల్లో ఆరు క్యారియర్లు వచ్చాయి. ప్రతిసారీ ఒక ముద్ద తిని గోడకానుకుని కూర్చునేదాన్ని. ఎదురుగా ఆయన గడియారం చూస్తూ కూర్చునేవాడు. మొదటి రెండుసార్లు నేనూ గడియారం వైపే చూశాను. తర్వాత భయం కూడా పోయి అలుపు మిగిలింది. ఆ అరగంటలో పొయ్యి మీద అన్నం మాడిపోయినా లేవాలనిపించేది కాదు.

కుక్కకు మూడో వారంలో చెవుల ఎరుపు తగ్గింది. ఐదో వారంలో పొట్ట కింద మెత్తటి నూగు వచ్చింది. గోక్కోకుండా పొద్దంతా నిద్రపోవడం నేర్చుకుంది.

ఏడో క్యారియరు ఎనిమిది వారాలు నిండిన మర్నాడు, యాభై ఏడో రోజున వచ్చింది.

"ఏమ్మే, ఎనిమిది వారాలు అయిపోయినట్టుండాయే. ఇంక కుక్కకు పెట్టొచ్చా?" అన్నాడు మా ఆయన.

అది వాకిట్లో వెల్లకిలా పడుకుని ఉంది. పొట్టంతా నల్లగా వెంట్రుకలు.

"లేదు. ఇంకా మూడు వారాలుండాయి," అన్నాను.

నా లెక్క తప్పదని ఆయనకు తెలుసు. మూత తీసి, క్యారియరు నా ముందుకు జరిపాడు.