ఆంటీ డాక్యుమెంటరీ చూశానన్నాను

ఇక్కడ అమెరికాలో, మోరిస్‌విల్‌లో మా పక్కింటి ఆంటీ గత మంగళవారం కన్నుమూశారు. వాళ్ళబ్బాయి ఫోన్ చేసి చెప్పినప్పుడు నాకు ఏడుపుకన్నా ముందు సిగ్గేసింది. ఎందుకో చెప్పుకోవాలనే ఇది రాస్తున్నాను.

ఆవిడది అలాస్కా, ఇన్యూట్ ఆదివాసీ కుటుంబం. కొత్తలో మా ఇంట్లో తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో నేను "ఎస్కిమో ఆంటీ" అని పరిచయం చేస్తే అందరి ముందూ ఏమీ అనలేదు. మర్నాడు కంచె దగ్గర మెల్లగా, "అది బయటివాళ్ళు పెట్టిన పేరు, ఇన్యూట్ అను" అన్నారు. అర్ధచంద్రాకారపు కత్తితో చేపను చకచకా కోసేవారు. మా కత్తిపీట చూసి, "దీనికి నీ కాలే పిడి అన్నమాట!" అని ఒకటే నవ్వు. నేనెప్పుడూ బిజీ అంటుంటే, "పని ఎక్కడికీ పోదు, మనమే పోతాం" అనేవారు.

నిరుడు ఆవిడ కుటుంబ చరిత్ర మీద టీవీలో డాక్యుమెంటరీ వచ్చింది. కలిసి చూద్దాం రమ్మన్నారు. ఆ రోజు మాకు ఎవరింట్లోనో బర్త్‌డే పార్టీ. మర్నాడు అడిగారు.

"చూశావా?"

"చూశాం ఆంటీ, చాలా బాగుంది."

"చివరి భాగం?"

"అదీ బాగుంది."

భోంచేశారా అంటే ఆకలితో మాడుతున్నా "అయిందండీ" అనే నోరు నాది. ఆవిడ "కాఫీ తాగుతావా?" అన్నారు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు.

అంత్యక్రియల నుంచి వచ్చాక నిన్న ఆ డాక్యుమెంటరీ చూశాను. ఆవిడకి ఐదేళ్ళప్పుడు తల్లికి క్షయ వస్తే ఎక్కడో దూరపు ఆసుపత్రికి తీసుకెళ్ళారట. ఆమె తిరిగి రాలేదు. ఎక్కడ పూడ్చారో కూడా ఇంటివాళ్ళకి ఎవరూ చెప్పలేదు. పోయినవాళ్ళ పేరు పసిబిడ్డకి పెట్టి, ఆ బిడ్డని ఆ వరసతోనే పిలవడం వాళ్ళ ఆచారం. చివరి భాగంలో ఆంటీ ఇలా అన్నారు:

"మా పక్కింటి తెలుగువాళ్ళ పిల్లకి వాళ్ళ నానమ్మ పేరు పెట్టారు. తండ్రి ఆ పిల్లని పేరు పెట్టి పిలవడు, తిట్టడు. అమ్మా అంటాడు. ఆ మాటకి అర్థం తెలిసిన రోజే మా అమ్మ సమాధి వెతకాలనుకున్నాను. దొరికిందంటే వాళ్ళ చలవే."

దానికి నేను అదీ బాగుంది అన్నాను.

టీవీ కట్టేసి కూర్చున్నాను. పెరట్లో ఉన్న కూతుర్ని మా ఆయన, "అమ్మా, అన్నానికి రా!" అని గట్టిగా కేకేశారు. కంచె అవతల కిటికీలన్నీ మూసి ఉన్నాయి.