ఎర్ర మీట మీది దుమ్ము

విశ్వాసమ్మకు చదువు రాదు. సంతకం వచ్చు, అంకెలు వచ్చు. కడపలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పంతొమ్మిదేళ్లుగా గదులు శుభ్రం చేస్తోంది. అంతకుముందు బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే చోట పని. అక్కడి దుమ్ము తెల్లన. ఇక్కడిది ఎర్రన. భర్త పోయి పదేళ్లు. ఈ జీతంతోనే ఇల్లు.

కంప్యూటర్ గదిలో పాత మిషన్లు తొమ్మిది ఉన్నాయి. బెంగళూరులో ఏదో ఆఫీసు వాడి వదిలేసినవి. నల్లటి, బరువైన పెట్టెలు. అందరూ వాటిని ముందు నుంచి చూస్తారు. ఆమె వెనక నుంచి చూస్తుంది.

వెనక ఏముందో ఆమెకు నేర్పింది మధులత, ఆ మిషన్లు వచ్చిన కొత్తలో ఉన్న ఆపరేటర్. ఊదారంగు గుండ్రటి చోటు కీబోర్డుది. ఆకుపచ్చది మౌసుది. వైరు చివర సూదులుంటాయి, అడ్డదిడ్డంగా దూరిస్తే వంగిపోతాయి. నీలంది తెరకు. దానికి రెండు పక్కలా మరలు, వేళ్లతో బిగించాలి. అన్నిటికంటే వెడల్పైనది ప్రింటర్‌ది. తొమ్మిది సూదులతో ఇంకొకటుంది. దానికి ఎవరూ ఏదీ తగిలించగా ఆమె చూడలేదు. దాన్నీ తుడుస్తుంది. మిషన్ లేచేటప్పుడు ఒక్క కూత వినబడితే మంచిది. వరసగా కూస్తే లోపల ఏదో వదులైనట్టు. ఆ మాట పోయి చెప్పేది ఆమే.

బసవరాజ్ వచ్చి రెండేళ్లు. ల్యాబ్ అసిస్టెంట్, ఆదోని వైపు మనిషి. ఏ వైరు ఊడినా ఆమెనే పిలుస్తాడు. "నిజానికి అసిస్టెంట్‌వి నువ్వేలే అక్కా. నేను ఉత్తగా జీతం దుడ్లు తీసుకుంటాండా" అంటాడు.

కరెంటు వైరు దూర్చే చోటు పక్కన చిన్న గుంటలో ఒక ఎర్ర మీట ఉంటుంది. దాని మీద 230 అని కనబడుతుంది. పక్కకు జరిపితే 115. దీని మీద గుడ్డ కూడా పెట్టొద్దని మధులత చెప్పింది. ఎందుకని ఆమె అడగలేదు. గుడ్డ పెట్టలేదు.

ఏప్రిల్‌లో ఒక రోజు, సాయంత్రం నాలుగింటికి, చివరి బల్ల తుడుస్తుండగా తొమ్మిదో మిషన్ పేలింది.

గనిలో మందు పేల్చినప్పటి చప్పుడు. నాలుగు గోడల మధ్య. వెనక నుంచి పొగ లేచింది. గదిలో లైట్లు ఆరిపోయాయి. చాలాసేపు ఆమెకు చెవుల్లో ఏమీ వినబడలేదు. చేతిలో తడిగుడ్డ ఉంది. దాన్నే చూస్తూ నిలబడింది.

జనం వచ్చారు. వాళ్లూ మొదట గుడ్డనే చూశారు. శుభ్రం చేసేవాళ్లను పంపే ఏజెన్సీ సూపర్‌వైజర్ ఓబుళేశు ముందుకొచ్చాడు.

"కంప్యూటర్‌కు తలస్నానం చేపిస్తివా ఏం విశ్వాసమ్మా?"

ఎవరో నవ్వారు. బసవరాజ్ నవ్వలేదు. గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు.

"నేనే చేసింటాను సార్" అంది విశ్వాసమ్మ.

ఓబుళేశు కాగితం రాశాడు. తన అజాగ్రత్త వల్ల మిషన్ కాలిపోయిందని, పని మానుకుంటున్నానని. చదివి వినిపించాడు. ఆమె సంతకం పెట్టింది. ఎవరూ బలవంతం చేయలేదు. సోమవారం నుంచి వేరే మనిషి వస్తుందని అతను ప్రిన్సిపాల్‌కు చెప్పాడు.

అందరూ వెళ్లాక ఆమె బకెట్టు తీసుకోవడానికి గదిలోకి వచ్చింది. అలవాటు కొద్దీ మిషన్ల వెనక్కి నడిచింది. మొదటిదాని వెనక మిగతా అంతా మెరుస్తోంది. ఎర్ర మీట మీద మాత్రం మందంగా దుమ్ము. రెండోదానికీ అంతే. ఎనిమిదింటికీ అంతే. ఏళ్ల తరబడి చెయ్యి పడని దుమ్ము.

తొమ్మిదోదాని దగ్గర వంగింది. మీట మీద దుమ్ము లేదు. నీలం సిరా గీత ఉంది. 115 అని కనబడుతోంది.

ఆమె పోయి ప్రిన్సిపాల్ యామిని మేడంను పిలుచుకొచ్చింది.

యామిని మేడం ఫోన్ లైటు వేసి తొమ్మిదింటినీ చూసింది. బసవరాజ్‌ను, ఓబుళేశును రమ్మంది. బసవరాజ్ ఆ లైటు ఎక్కడ పడుతోందో చూశాడు. అతని జేబులో పెన్ను ఉంది.

"నేనే జరిపినా మేడం" అన్నాడు.

మిగతాది ఆగి ఆగి చెప్పాడు. మధ్యాహ్నం ఓల్టేజ్ బాగా పడిపోయింది. ఫ్యాన్లు తిరగలేదు. మిషన్ లేవలేదు. తక్కువ కరెంటుకు తక్కువ అంకె పెడితే లేస్తుందనుకున్నాడు. గుంటలోకి వేలు పోక పెన్నుతో నెట్టాడు. లేచింది. సంతోషపడి టీకి పోయాడు. నాలుగింటికి కరెంటు నిండుగా వచ్చింది. 115 మీదున్న మిషన్ దానికి తట్టుకోలేదు.

"ఈమె సంతకం పెట్టేటప్పుడు ఈడే ఉండావు కదా" అంది మేడం.

బసవరాజ్‌దీ కాంట్రాక్టు ఉద్యోగమే.

పాత కాగితం ఇమ్మని మేడం అడిగింది. దాని ఫోటో ఎప్పుడో ఏజెన్సీ ఆఫీసుకు పంపేశానని ఓబుళేశు చెప్పాడు. మేడం ఇంకో కాగితం తీసి తనే రాసింది. జరిగింది జరిగినట్టు, బసవరాజ్ పేరుతో. అతను దాన్ని రెండుసార్లు చదివాడు. విశ్వాసమ్మ వైపు చూశాడు. ఆమె అతన్ని చూడటం లేదు. జేబులోని పెన్ను తీసి సంతకం పెట్టాడు.

ఓబుళేశు ఆ కాగితానికీ ఫోటో తీసి పంపాడు. ఆఫీసువాళ్లతో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. సోమవారం ఆమెనే రమ్మన్నాడు. తలస్నానం మాట మళ్లీ ఎత్తలేదు.

ఇద్దరూ వెళ్లాక యామిని మేడం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. ఆమె సగం తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది.

"దాని మీద చెయ్యి పెట్టలేదని నీకు తెలుసు కదా. సంతకం ఎందుకు పెట్టినావు?"

విశ్వాసమ్మ తన చేతులు చూసుకుంది.

"అప్పుడు తెలీలేదు మేడం. అంత చప్పుడాయె. గదిలో నేనొక్కదాన్నే ఉంటి."