సైదమ్మ చేతి జావ

రిబ్కమ్మకు చాయ్ పిచ్చి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, సంఘంలో వాళ్ళకు మరీ బాగా తెలుసు. శుక్రవారాల్లో ఒక్కో వారం ఒక్కో విశ్వాసి ఇంట్లో ప్రార్థన కూటం జరిగేది. దానికి అందరికంటే ముందు వెళ్ళి కూర్చునేది రిబ్కమ్మే. దేవుని మీద ప్రేమతోనే అనుకుందాం. పాట పాడితే ఆమె గొంతు తాళానికి ఒక అడుగు ముందే నడిచేది. చివరి ప్రార్థన కాస్త సాగితే ఒక కన్ను తెరిచి పొయ్యి వైపు చూసేది. చాయ్ పలచగా ఉంటే ఆ ఇంటామె మొహం మీదే అనేసేది.

"ప్రభువు నీళ్ళను ద్రాక్షారసం చేసిండు. నువ్వేంది చెల్లె, చాయ్‌ను నీళ్ళు చేసినవ్?"

ఆ పిచ్చి ఊరికే పట్టింది కాదు. హుజూర్‌నగర్ దిక్కు నుంచి ఏసోబును చేసుకొని తిరుమలగిరి దగ్గరి ఈ ఊరికి వచ్చిన కొత్తలో, బస్సులు ఆగే చోట ఒక హోటల్ ఉండేది. అందులో మాదిగవాడ వాళ్ళకు గ్లాసు వేరు. అది బయట చూరులో దోపి ఉండేది. తీసుకొని, కడుక్కొని, దూరం నుంచి చాయ్ పోయించుకొని తాగి, మళ్ళీ కడిగి అక్కడే దోపాలి. కొత్త పెళ్ళికూతురు ఆ గ్లాసు ఒక్కసారి పట్టుకుంది. ఆ తర్వాత ఆ హోటల్ గడప తొక్కలేదు. కొన్నాళ్ళకు ఎవరో పిలిస్తే కూటానికి వెళ్ళింది. అక్కడ ఒక పళ్ళెంలో స్టీలు గ్లాసులు వచ్చాయి. ఏది ఎవరికో గుర్తు లేదు, ఎవరికి అందింది వాళ్ళు తీసుకున్నారు. తాగినవన్నీ ఒకే గిన్నెలో కలిసిపోయాయి. సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా రిబ్కమ్మ ఈ ముచ్చటే చెప్పేది. గొప్ప దర్శనం ఏదో వినబోతున్నామని కూర్చున్న పాస్టర్లు, చాయ్ గ్లాసు దగ్గర ఆమె కళ్ళు తుడుచుకోవడం చూసి ఏమనాలో తోచక స్తోత్రం అనేవారు.

అంతటి రిబ్కమ్మ కూడా సైదమ్మ ఇంటి ముందు నుంచి పోవాల్సివస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకొనేది.

సైదమ్మ ఒకప్పుడు ఆ ఊరికి పెద్ద వంటమనిషి. ఇల్లు గొల్లవాడలో. పిల్లలు లేరు. చుట్టుపక్కల ఎవరి ఇంట పెళ్ళయినా పప్పు దించాలంటే ఆమె రావాల్సిందే. చివరి బంతి లేచేదాకా ఒక్క మెతుకు ముట్టేది కాదు. అడుగున మిగిలినది ఆకులో వేసుకొని అప్పుడు తినేది. వండినోళ్ళు ముందు తింటే వంటకు బరకతు ఉండదని ఆమె పట్టుదల. భర్త పోయాక మరిది కొడుకు విజేందర్‌ను దగ్గరకు తీసింది. ఆ పిల్లవాడు దసరాకు ఆమె ఇంట్లో తిని పోయిన తర్వాత మంచం పట్టాడు. ఏ జబ్బో ఎవరూ సరిగా చూపించలేదు. మందు పెట్టారన్నారు. అంటే తిండిలో ఏదో కలిపి పెట్టారని, అది కడుపులో నిలిచిపోయి మనిషిని లోపల్లోపల ఎండగొడుతుందని వాళ్ళ నమ్మకం. అది కక్కిస్తానని పసరు తాగించే మనిషి దగ్గరకు తీసుకుపోయారు. ఆయన కక్కులో ఏదో చూసి, సొంత ఇంటి ఆడమనిషి చేతి మందు అన్నాడు. పిల్లవాడు దక్కలేదు. ఆ తర్వాత సైదమ్మ చేతి నీళ్ళు కూడా ఎవరూ ముట్టలేదు. ఇదంతా తెలంగాణ రాకముందు మాట. రాష్ట్రం వచ్చింది, ఊరికి సిమెంటు రోడ్డు వచ్చింది, ఆ రోడ్డు సైదమ్మ ఇంటి ముందు నుంచే పోయింది. అయినా ఆ వాకిట్లోకి మాత్రం ఎవరూ రాలేదు.

రిబ్కమ్మను ఆ వాకిట్లోకి తెచ్చింది వాన. పత్తి ఏరి వస్తుంటే దారిలో కుండపోతగా కొట్టింది. దగ్గరలో ఉన్న చూరు అదొక్కటే. ఒళ్ళు తడిసి వణుకుతూ నిలబడితే లోపల చాయ్ మరుగుతున్న వాసన వచ్చింది. అల్లం వేసిన చాయ్! మన రిబ్కమ్మ సంగతి చెప్పేదేముంది, భయం ఒక పక్కకు లాగితే నాలుక ఇంకో పక్కకు లాగింది.

"చాయ్ తాగుతవా?" అని లోపలి నుంచి అడిగింది సైదమ్మ. అడిగి, జవాబు కోసం ఆగకుండా, "వద్దంటె వద్దను బిడ్డా, నాకేం కష్టమనిపియ్యది" అంది.

ఆ మాటతో రిబ్కమ్మకు చూరులో దోపిన గ్లాసు గుర్తొచ్చింది.

"పొయ్యమ్మా" అంది.

సైదమ్మ రెండు గ్లాసుల్లో పోసింది. ఇవ్వబోయే గ్లాసులోంచి ముందు తను ఒక గుటక చాయ్ సాసరులోకి వంపుకొని తాగింది. తాగి, కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత గ్లాసు ముందుకు జరిపింది. నిజం చెప్పుకోవాలంటే ఆ గుటక చూశాకే రిబ్కమ్మ ప్రాణం కుదుటపడింది. అయినా మర్నాడు లేవగానే పొట్ట తడిమి చూసుకుంది. ఏమీ కాలేదు. పైగా అలాంటి చాయ్ తన పుట్టుకలో తాగలేదు. వారం తిరగకుండా మళ్ళీ వెళ్ళింది, ఈసారి వాన లేదు.

అలా మొదలైంది. చాయ్ నుంచి అన్నానికి, అన్నం నుంచి ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అనే పోట్లాటకు వచ్చారు. "అమ్మా" అని పిలిచే రిబ్కమ్మ ఎప్పుడో తెలియకుండానే "అక్కా" అనసాగింది.

"నీ పెండ్లి వంటలు తిననోళ్ళం కాదక్కా. మా వాడోళ్ళను పందిరి అవతల కూసోపెట్టి ఆఖరుకు పెట్టేది. అప్పుడు పందిరి బయట, ఇప్పుడు నీ పొయ్యి కాడ!"

సైదమ్మ నవ్వలేదు. "అప్పుడు నేను అడగలే చెల్లె, మీరు బయటెందుకు కూసున్నరని. నాకు తట్టనే లేదు" అంది.

ప్రభువు సంగతులు చెబితే సైదమ్మ వినేది. తన ఎల్లమ్మ గూట్లో దీపం పెట్టుకొనేది. కూటానికి రమ్మని రిబ్కమ్మ బలవంతం చేయలేదు, చేసినా ఆ ముసలిది లొంగే రకం కాదు. పాటలు మాత్రం అడిగి పాడించుకొనేది. తాళం తప్పినా తప్పు పట్టని శ్రోత రిబ్కమ్మకు బతుకులో ఆమె ఒక్కతే.

ఊరు ఊరుకోదు కదా. ఆ నెలలో రిబ్కమ్మ ఇంట్లో కూటం పడితే ఆడవాళ్ళు పాటలు పాడారు, ప్రార్థన చేశారు, చాయ్ దగ్గరికి వచ్చేసరికి ఒకరికి ఉపవాసం, ఒకరికి కడుపుబ్బరం. గ్లాసులు నిండుగా అలాగే మిగిలిపోయాయి. ఆడబిడ్డ కౌసల్య మాత్రం దాచుకోలేదు. "వదినే, ఆమె ఇంట్ల తిన్న చేయి నీది. మాకు పిల్లలున్నరు" అంది.

పాస్టరు దివాకర్ కుర్రవాడు, మంచివాడు. మంచివాళ్ళకుండే మెతకదనం కూడా ఉంది. "కొన్ని దినాలు అటు పోకుండా ఉండు రిబ్కమ్మా, సంఘం చెదురుతది" అన్నాడు.

"అయ్యగారూ, ప్రభువు అందరు ఎలేసిన సుంకరోళ్ళ ఇంట్ల తినేటప్పుడు పక్కనోళ్ళు ఏమనుకుంటరో అని ఆగిండా? నువ్వే చెప్తివి గద మొన్న. నేను ముందల కూసోని వింటుంటె గట్టిగ చెప్పినవ్."

దివాకర్ తల వంచుకున్నాడు. ఆమె చల్లారిన చాయ్‌లన్నీ ఒక్కొక్కటే తాగేసింది. కోపానికి తాగింది, ఆ రోజు నోటికి రుచే తెలియలేదు.

సరిగ్గా అలాంటప్పుడే ఆమెకు జబ్బు చేసింది. పక్కటెముకల కింద పొడుస్తున్నట్టు నొప్పి, తిన్నది తిన్నట్టు వాంతి. కళ్ళు పసుపెక్కాయి. పత్తి బస్తా ఎత్తే మనిషి గోడ పట్టుకొని నడిచే స్థితికి వచ్చింది. ఊరికి ఇంకేం కావాలి? ఏసోబు మేస్త్రి పని మానుకొని ఇంట్లోనే కూర్చున్నాడు. బాప్తిస్మం తీసుకున్నవాడే, వాక్యం విన్నవాడే, అయినా భార్య చిక్కిపోతుంటే చూడలేకపోయాడు.

"ఒక్కసారి కక్కించుకొని వద్దాం. ఆటో మాట్లాడిన. ప్రభువు ఏమనడు" అన్నాడు.

రిబ్కమ్మకు నొప్పిలో కూడా ఆ దారి చివర ఏముందో కనిపించింది. ఆ మనిషి పసరు తాగిస్తాడు, కక్కులో చూస్తాడు, పేరు చెబుతాడు. ఏ పేరో చెప్పడానికి పసరు కూడా అక్కర్లేదు. ఆ పేరు పట్టుకొని ఊళ్ళో మొగవాళ్ళు సైదమ్మ వాకిట్లోకి పోతారు. అలా పేరు పడ్డవాళ్ళను కొట్టారని, పళ్ళు రాలగొట్టారని చిన్నప్పటి నుంచి వింటూనే ఉంది. తను ఆటో ఎక్కితే సైదమ్మ ఆ ఊళ్ళో బతకదు. అంతే లెక్క.

"దవాఖానకైతె వస్త. అక్కడికైతె నన్ను కట్టేసి తీసుకపోవాలె."

"సచ్చిపోతవే!" అని ఏసోబు ఏడ్చేశాడు.

"సస్తె సచ్చిపోత గానీ ఆమె పేరు నా నోట్లకెళ్ళి కక్కను."

జిల్లా దవాఖానకే తీసుకుపోయారు. పిత్తాశయంలో రాళ్ళన్నారు, ఆపరేషన్ చేశారు. తీసిన రాళ్ళను చిన్న సీసాలో వేసి ఇచ్చారు. ఏసోబు ఆ సీసాను ఊళ్ళో ఇంటింటికీ చూపించాడు, మనసులో ఉన్న సిగ్గు పోగొట్టుకోవాలనేమో. అందరూ వింతగా చూశారు. కౌసల్య సీసాను వెలుతురుకు పెట్టి తిప్పి తిప్పి చూసింది.

"ఇగో, నేను చెప్పలేదా? మందే గడ్డకట్టి రాయైంది."

ఊరంతా ఆ మాటే ఖాయం చేసింది. డాక్టర్ల కత్తి రాళ్ళు తీయగలిగింది గానీ ఇది తీయలేకపోయింది. రిబ్కమ్మ మంచం మీద పడుకొని విన్నది. నవ్వుదామంటే కుట్లు లాగాయి.

జావ లాంటిదే తాగమన్నారు దవాఖానలో. సైదమ్మక్కను జావ కాచి తెమ్మని ఏసోబును పంపింది. ఏసోబు ఖాళీ చేతులతో తిరిగొచ్చాడు. ఆమె తలుపు తీయలేదట. రానని లోపలి నుంచే చెప్పిందట.

రిబ్కమ్మ లేచింది. కౌసల్య వద్దని అడ్డుపడింది, ఏసోబు చేయి పట్టుకున్నాడు. పొట్ట మీద ఒక చేయి అదిమిపెట్టుకొని ఆ సిమెంటు రోడ్డు మీద నడిచింది. పట్టపగలు, ఎక్కడి ఆడవాళ్ళు అక్కడ పని ఆపి చూస్తుండగా సైదమ్మ వాకిట్లోకి వెళ్ళి అరుగు మీద కూర్చుంది. ఏసోబు వెనకాలే వచ్చాడు. కౌసల్య రోడ్డు మీదే ఆగిపోయింది.

"అక్కా, ఆకలైతాంది."

చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. సైదమ్మ ముఖం ఉబ్బి ఉంది.

"పో చెల్లె. నీకు దండం పెడత, పో. గా పిలగాడు నా ఇంట్ల తిన్నడు, పోయిండు. నువ్వు తిన్నవ్, సావు దాక పోయొచ్చినవ్. ఇంతమంది అబద్ధమాడుతున్నరా? నా చేతిల ఏమున్నదో నాకే దెల్వది."

"మరి నువ్వు ముందు తాగి చూపెడ్తివి గద అక్కా. నీకేమన్న అయిందా?"

"చూపెట్టనీకె తాగిననుకున్నవా?" అంది సైదమ్మ. "ఏమన్న ఉంటె ముందు నాకే కావాలె అని తాగిన."

ఇన్నాళ్ళూ ఆ గుటక చూసి ధైర్యం తెచ్చుకున్నది రిబ్కమ్మ. ఊరు నమ్మిన మాటను సైదమ్మ కూడా నమ్మేసిందని, ప్రతి గ్లాసుకూ ముందు తన ప్రాణం పెట్టి తర్వాతే ఎదుటి మనిషికిచ్చిందని రిబ్కమ్మకు ఆ క్షణం దాకా తట్టలేదు. ఆమె కోసం ఏడ్చింది, తన తెలివితక్కువతనానికీ ఏడ్చింది.

తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకొని, ఎప్పటి గొంతుతోనే అంది. "జావ కాస్తవా, నేనే లేచి కాసుకోవాల్నా? కుట్లు తెగితె ఆ పాపం మాత్రం నీదే."

సైదమ్మ పొయ్యి అంటించింది. రాగిపిండి కలిపింది, ఉండకట్టకుండా తిప్పింది. ఒకప్పటి చేయి, పని దొరికితే దాని దారిన అది పోయింది. గ్లాసులో పోసి, అలవాటుగా సాసరులోకి వంపబోయింది. రిబ్కమ్మ ఆ మణికట్టు పట్టుకుంది.

"ఇయ్యాల నాకే ముందు కావాలె."

గ్లాసు లాక్కొని తాగింది. వేడిగా, ఆగకుండా, గుటక గుటక రోడ్డు మీద వాళ్ళందరికీ వినిపించేలా తాగింది. ఖాళీ గ్లాసు దించి మూతి తుడుచుకుంది.

"ఉప్పు తక్కువైంది" అంది.

"దవాఖానోళ్ళు తక్కువెయ్యమన్లేదా?" అని సైదమ్మ ఠక్కున తగులుకుంది. అప్పుడు రిబ్కమ్మ, కుట్లు లాగుతున్నా సరే, నవ్వింది.

ఏసోబు తనకూ చేయి చాపాడు. గ్లాసు అందుకొని కళ్ళు మూసుకొని, ఒక్క గుక్కలో తాగేశాడు.

"ప్రార్థన చేసుకున్నవా, భయపడ్డవా?" అంది రిబ్కమ్మ.

"రెండూ" అన్నాడు ఏసోబు నిజాయితీగా.

కౌసల్య లోపలికి రాలేదు, వెళ్ళిపోనూ లేదు. వదిన లేస్తే చేయి అందించాలి కదా అన్నట్టు గేటు పట్టుకొని నిలబడింది.

"ఇంకా పొయ్యనా?" అని అడిగింది సైదమ్మ, ఒకరి తర్వాత ఒకరిని. చాలన్నారు ఇద్దరూ. ఒకటికి రెండుసార్లు అడిగి, ఇక ఎవరికీ వద్దని తేలాక, గిన్నె దగ్గరకు లాక్కుంది. అడుగున మిగిలిన జావను గరిటెతో గీకి తన గ్లాసులో పోసుకుంది. ఒకప్పుడు పెళ్ళి పందిళ్ళలో కూర్చున్నట్టే గోడకు వీపు ఆనించి, కాళ్ళు చాపుకొని కూర్చుంది. ఆ వాన రోజు నుంచి రిబ్కమ్మకు ఏమిచ్చినా ముందు తనే మింగుతూ వచ్చిన ఆ మనిషి, ఆ రోజు అందరూ తిన్న తర్వాత తిన్నది.